చెన్నైలోని వేళచ్చేరికి మాత్రమే పిడుగుల హెచ్చరిక రావాలంటే ఎలా?

చెన్నైలో ఉన్న తెలుగువాళ్లు, వాతావరణ రాడార్ చూసే అలవాటున్నవాళ్లు కాస్త సాయం చేయండి. మా అపార్ట్‌మెంట్ మేడ మీద సోలార్ ప్యానెళ్ల పని నడుస్తోంది. ఉరుము వచ్చేలోపు పనివాళ్లను కిందికి దించాలి. ఇనుప ఫ్రేములు పట్టుకుని ఆరుబయట ఉంటారు, అదే భయం.

వాతావరణ శాఖ ఇచ్చే నౌకాస్ట్ (రాబోయే కొద్ది గంటల సూచన) మూడు గంటలకు పనికొస్తుంది, కానీ జిల్లా మొత్తానికి కలిపి వస్తుంది. అంబత్తూరులో కుండపోత, ఇక్కడ ఎండ. రోజూ పని ఆపితే కూలీ పోతుంది, ఆపకపోతే ప్రాణమే పోవచ్చు. పిడుగుల హెచ్చరికలిచ్చే దామిని, విపత్తు హెచ్చరికలిచ్చే సచేత్ యాప్‌లు రెండూ పెట్టాం. లొకేషన్ 'ఎల్లప్పుడూ' అని ఇచ్చాం, బ్యాటరీ ఆదా కూడా తీసేశాం. అయినా ఒక్కో ఫోన్‌లో స్క్రీన్ ఆగితే నోటిఫికేషన్ ఆలస్యంగా వస్తోంది. ఇంకేం మార్చాలి?

రెండోది రాడార్ బొమ్మ గురించి. నైరుతి కాలంలో సాయంత్రం మేఘాలు ఎక్కువగా రాణిపేట, కాంచీపురం వైపు నుంచి కదిలొస్తాయి. సముద్రపు గాలి తగిలాక ఒక్కోసారి ఉన్నచోటే కొత్తవి లేస్తాయి. వీటికి ముందస్తు సూచన దొరకదు, చిక్కంతా అక్కడే. బొమ్మ మీద టైము యూటీసీ (అంతర్జాతీయ ప్రామాణిక సమయం), మన టైము కోసం దానికి ఐదున్నర గంటలు కలుపుతున్నాం. 45 డీబీజెడ్ (రాడార్‌లో మేఘం ఎంత బలంగా ఉందో చూపే కొలత) దాటిన మేఘం ఎన్ని కిలోమీటర్ల దూరంలో ఉండగా మీరు పని ఆపిస్తారు?

మెరుపుకీ ఉరుముకీ మధ్య 30 సెకన్ల లోపుంటే దించేయడం, చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగడం ఎలాగూ పాటిస్తున్నాం. కానీ మొదటి పిడుగే మన మీద పడితే ఆ లెక్క అక్కరకు రాదండీ.