పాత టూ స్ట్రోక్ మోటారు నడిసముద్రంలో ఆగిపోతోంది: తప్పు ఇథనాల్ పెట్రోలుదా, మనదా?

కెరటం_ఉప్పాడ:
మాది ఉప్పాడ. ఫైబర్ బోటు, 9.9 హార్స్‌పవర్ టూ స్ట్రోక్ ఔట్‌బోర్డు మోటారు. నాన్న కొన్నది, ఇరవై ఏళ్లు దాటింది. జూన్ 14తో వేట విరామం అయిపోయింది కదా, మర్నాడు తెల్లవారుజామునే బయల్దేరాం. ఒడ్డున రెండో లాగుకే స్టార్టయింది. కెరటాలు దాటాక థ్రాటిల్ తిప్పితే రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. చోక్ సగం లాగి పెడితే నడుస్తోంది, వదిలేస్తే మళ్లీ అదే కథ. మెకానిక్ కార్బొరేటర్ మొత్తం మార్చాలంటున్నాడు. మా బాబాయేమో "ఇదంతా ఇథనాల్ పెట్రోలు వల్లేరా, ఎన్ని కార్బొరేటర్లు మార్చినా అంతే" అంటున్నాడు. ఎవరి మాట వినాలి?

నూనె_చేతులు:
చోక్ చేసేది ఇంజన్‌కి గాలి తగ్గించడం. దాని మీద నడుస్తోందంటే ఇంజన్‌కి పెట్రోలు చాలడం లేదన్నమాట. తమ్ముడూ, అలా నడుపుకుంటూ ఒడ్డుకి చేరడం వరకూ సరే, వేటకి మాత్రం వెళ్లకు. టూ స్ట్రోక్‌లో ఆయిల్ వచ్చేది పెట్రోలులో కలిసే. పెట్రోలు తగ్గిందంటే ఆయిలూ తగ్గినట్టే. పిస్టన్ పట్టేసిందంటే అప్పుడు కార్బొరేటర్ ఖర్చు చిల్లరలా కనిపిస్తుంది.

ఇప్పుడు నిజం చెప్పు. ఏప్రిల్‌లో మోటారు ఇంటికి తెచ్చి పెట్టినప్పుడు కార్బొరేటర్ గిన్నెలో పెట్రోలు తీసేశావా? లేదు కదా! 61 రోజులు ఎండల్లో అది ఆవిరైపోయి అడుగున లక్కలాంటి బంక మిగులుతుంది. గిన్నె విప్పి, జెట్లు, అంటే పెట్రోలు వెళ్లే సన్న రంధ్రాల ఇత్తడి ముక్కలు, తీసి వెలుతురుకి ఎత్తి చూడు. గుండ్రంగా చుక్కలా వెలుగు కనపడాలి. ఇనప తీగ మాత్రం పెట్టకు, ఇత్తడి గీసుకుపోయి రంధ్రం పెద్దదవుతుంది. నేనైతే వల నైలాన్ పోగు ఒకటి దూర్చి, క్లీనర్ కొట్టి, గాలితో ఊదుతాను. విరామం 47 రోజులే ఉన్న రోజుల్లో కూడా జూన్ రాగానే ఇవే మోటార్లు ఇదే జబ్బుతో నా దగ్గరికి వరస కట్టేవి. అప్పుడు ఎవరూ ఇథనాల్ పేరెత్తలేదు.

సరంగు_గారబ్బాయి:
గురువుగారూ, బంక సంగతి ఒప్పుకుంటాను. కానీ 20 శాతం ఇథనాల్ పెట్రోలు 2023 నుంచి పంపుల్లోకి వస్తోంది, ఈ మోటారు తయారైనప్పుడు దాని ఊసే లేదు. ఇథనాల్ మండడానికి గాలి తక్కువ చాలు, అంటే అదే గాలికి ఇంధనం ఎక్కువ పోవాలి. కొత్త కారులో సెన్సార్ చూసుకుని సర్దుకుంటుంది. మన జెట్‌కి కళ్లున్నాయా? దాని రంధ్రం ఎంతో అంతే.

అసలు భయం నీళ్లు. ఇథనాల్ గాలిలోని తేమని పీల్చుకుంటుంది. ఒక హద్దు వరకూ కలుపుకుని, అది దాటాక నీళ్లతో సహా విడిపోయి ట్యాంకు అడుక్కి దిగుతుంది. ఆయిలేమో పైన పెట్రోలులోనే ఉండిపోతుంది. మన ట్యాంకులో గొట్టం లాగేది ఎక్కడి నుంచి? అడుగు నుంచే! సముద్రం పక్కన, సగం ఖాళీ ట్యాంకులో ఇది జరగదని ఎవరైనా గ్యారంటీ ఇస్తారా?

నూనె_చేతులు:
ఇది ఊహించుకోవడమెందుకు, చూస్తే పోయేదానికి. ట్యాంకు అడుగు పెట్రోలు ఒక గాజు సీసాలో పట్టి రాత్రంతా కదపకుండా ఉంచితే తెల్లారేసరికి గీత కనిపిస్తుంది. గీత లేకపోతే బాబాయ్ కేసు కొట్టేసినట్టే.

లెక్కల_మనిషి:
ఇరవై ఏళ్ల ఇనుముకి ఇంత చర్చా? అమ్మేసి ఫోర్ స్ట్రోక్ కొనుక్కోండి. పెట్రోలు తక్కువ తాగుతుంది, ఆయిల్ కలిపే పనీ ఉండదు.

నూనె_చేతులు:
డబ్బు మీరిస్తారా సార్? ఆ సైజు ఫోర్ స్ట్రోకుల్లో చాలావాటికి ఉండేదీ కార్బొరేటరే, జెట్లు ఇంకా సన్నం. 61 రోజులు పెట్రోలుతో వదిలేస్తే అదీ ఇలాగే దగ్గుతుంది. పైగా బరువు. రోజూ ఇసకలో మోసేవాళ్ల భుజాల్ని అడగండి.

డాలస్_చెరువు_గట్టు:
మాకిక్కడ పదేళ్లుగా చేపలు పట్టే చిన్న బోటు ఉంది. మామూలు పంపుల్లో దొరికేది 10 శాతం ఇథనాల్ పెట్రోలు. ఇథనాల్ లేనిది కొన్ని బోటు రేవుల్లో దొరుకుతుంది, ధర ఎక్కువ. పాత మోటార్ల వాళ్లు అదే కొంటారు. చలికాలం పక్కన పెట్టే ముందు గొట్టం పీకేసి ఇంజన్ దానంతటదే ఆగేదాకా నడిపిస్తాం, చల్లబరిచే నీళ్లు పెట్టే. అయినా గిన్నెలో కొంచెం మిగులుతుంది, అందుకే కింద స్క్రూ కూడా విప్పాలి. నేను మొదటి ఏడాది విప్పలేదు. ఆ వసంతంలో ఒక శనివారమంతా తాడు లాగడంతోనే సరిపోయింది.

కెరటం_ఉప్పాడ:
మూడు రోజుల తర్వాత వచ్చాను, ఫలితం చెప్తాను. సీసాలో గీత రాలేదు. జెట్‌లో బంక ఉంది, నైలాన్ పోగుతో పోయింది. థ్రాటిల్ తిప్పకుండా నెమ్మదిగా నడవడం (ఐడిల్) బాగుపడింది, కానీ థ్రాటిల్ తిప్పితే మళ్లీ ఆగిపోయింది!

అప్పుడు బావ చెయ్యి పెట్రోలు గొట్టం మధ్యలో చేత్తో నొక్కే రబ్బరు బల్బు పంపు మీద పడింది. చప్పగా నొక్కుకుపోయి ఉంది, రసం పిండేసిన నిమ్మచెక్కలాగా. ట్యాంకు మూత మీద గాలి స్క్రూ చూశాం, తీసే ఉంది. అయితే ట్యాంకుకీ బల్బుకీ మధ్యే ఎక్కడో అడ్డం ఉండాలి. గొట్టం కోసి చూస్తే లోపలి పొర పాము కుబుసంలా ఊడి వేలాడుతోంది. మెల్లగా లాగితే పెట్రోలు వస్తుంది, గట్టిగా లాగితే ఆ పొరే మూసుకుంటుంది. కొత్త గొట్టం, కొత్త బల్బు వేశాం. నిన్న వెళ్లి వచ్చాం, చోక్ ముట్టుకోలేదు.

సరంగు_గారబ్బాయి:
చెప్పానా! పాత రబ్బరు పొరని అలా వొలిచేది ఇథనాలే.

నూనె_చేతులు:
ఆగు బాబూ. తమ్ముడూ, ఆ గొట్టం ఎప్పుడు వేశారు?

కెరటం_ఉప్పాడ:
నాన్నని అడిగాను. మోటారుతో పాటే వచ్చిందట.