చర్చ: టౌట్, ప్రమోట్, ఎండార్స్... అన్నీ ఒకటేనా? ఇంగ్లీషులో మెచ్చుకోవడానికి ఇన్ని క్రియలు అవసరమా?

అనువాద_బల్ల
ఒక కంపెనీ తన కొత్త సాఫ్ట్‌వేర్ గురించి గొప్పగా చెప్పుకుంటూ ప్రకటన ఇచ్చింది. దాని సారాంశం ఇంగ్లీషులో రాయాలి. మా టీమ్‌లో ఒకావిడ "ద కంపెనీ టౌటెడ్ ఇట్స్ న్యూ సాఫ్ట్‌వేర్" అని రాశారు. మా పై అధికారి టౌటెడ్ కొట్టేసి ప్రమోటెడ్ అని పెట్టారు. "రెండూ ఒకటేగా, అందరికీ తెలిసిన మాట ఉండనివ్వండి" అన్నారు. ఆవిడ ఒప్పుకోవడం లేదు. ఎవరిది రైటు? అసలు ఈ క్రియలన్నీ విడివిడిగా నేర్చుకోవాల్సిన పని ఉందా?

తేలిక_ఇంగ్లీషు
మీ అధికారిదే రైటు. నేను స్పోకెన్ ఇంగ్లీష్ చెబుతాను. పోటీ పరీక్షల పుస్తకాల్లో ప్రెయిజ్, కమెండ్, లాడ్, ఎక్స్‌టోల్ అని వరసగా ఇచ్చి, అన్నిటికీ "పొగడు" అని ఒకే అర్థం రాసేస్తారు. పిల్లలు బట్టీ కొట్టి, ఆఫీసు మెయిల్లో "ఐ ఎక్స్‌టోల్ యువర్ క్విక్ రిప్లై" అని రాస్తారు. త్వరగా జవాబిచ్చినందుకు థాంక్స్ చెప్పాల్సిన చోట స్తోత్రం చదివినట్టు ఉంటుంది. ప్రెయిజ్, రికమెండ్, సపోర్ట్, ప్రమోట్, ఈ నాలుగూ సరిగ్గా వాడటం వస్తే చాలు.

డెస్క్_పాతకాపు
ఎక్స్‌టోల్ విషయంలో మీతో ఏకీభవిస్తాను. కానీ టౌట్, ప్రమోట్ ఒకటే అంటే మాత్రం కుదరదు. ఏళ్ల తరబడి ఇంగ్లీషు కాపీ, అంటే అచ్చుకు వెళ్లే వార్తల రాతప్రతి, దిద్దినవాడిగా చెబుతున్నాను. ఈ క్రియల మధ్య తేడా ఎంత గట్టిగా పొగిడారన్నది కాదు. పొగిడినవాళ్లు ఎవరు, వాళ్లు దేనికి పూచీ పడుతున్నారు, రాసేవాడు ఎక్కడ నిలబడ్డాడు అన్నది.

టౌట్ సంగతే చూడండి. పాతకాలంలో ఆ మాటకు తొంగిచూడటం, పొంచి చూడటం అని అర్థం. తర్వాత గుర్రప్పందేల దగ్గర గుర్రాల సత్తా రహస్యంగా కనిపెట్టి పందెం కాసేవాళ్లకు కబురు అమ్ముకునేవాళ్లను టౌట్లు అన్నారు. బ్రిటన్‌లో బ్లాకులో టికెట్లు అమ్మేవాణ్ణి ఇప్పటికీ టికెట్ టౌట్ అనే అంటారు. ఆ వాసన క్రియకూ అంటుకుంది. వార్తలో "కంపెనీ టౌటెడ్" అని రాస్తే, "గొప్పలు వాళ్లవి, హామీ నాది కాదు" అని విలేకరి చెప్పినట్టే. అయితే ఆటల పేజీలో "టౌటెడ్ యాజ్ ద నెక్స్ట్ కెప్టెన్" అంటే అందులో అనుమానమేమీ ఉండదు, కాబోయే కెప్టెన్ అంటున్నారని మాత్రమే.

ప్రమోట్ అంటే నోటి మాట చాలదు, పని జరగాలి. ప్రచారం, ఖర్చు, ప్రయత్నం ఏదో ఒకటి ఉండాలి. అడ్వొకేట్ అంటే ఇక్కడ వకీలు కాదు, ఫలానాది కావాలని గట్టిగా వాదించడం. అది విధానాలకూ హక్కులకూ సంస్కరణలకూ సరిపోతుంది. సబ్బును ఎవరూ అడ్వొకేట్ చెయ్యరు. సబ్బు వాడకాన్ని చెయ్యొచ్చు. ఇంటర్వ్యూ మధ్యలో నటుడు తన కొత్త సినిమా పేరు ఓసారి దూర్చితే అది ప్లగ్. వౌచ్ ఫర్ అంటే మీ పరువు పణంగా పెట్టి చెప్పడం. షిల్ చేస్తున్నాడు అన్నారంటే అది నింద: లోపల సంబంధం దాచి, బయట మామూలు మనిషిలా పొగుడుతున్నాడని.

లా_విద్యార్థి
ఎండార్స్, అంటే బహిరంగంగా ఆమోదం తెలపడం, దాని గురించి నేను చెబుతాను. లాటిన్‌లో డోర్సమ్ అంటే వీపు. చెక్కులాంటి పత్రాల వెనకవైపు రాయడం, సంతకం పెట్టడం నుంచి వచ్చిన మాట అది, అందుకే అందులో సంతకం బరువు ఉంది. అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌కు ఎండార్స్‌మెంట్ల మీద ప్రత్యేకంగా మార్గదర్శకాలు ఉన్నాయి. డబ్బో, ఉచిత వస్తువో తీసుకుని మెచ్చుకుంటే ఆ సంబంధం స్పష్టంగా చెప్పాలి. 2023 సవరణలో సోషల్ మీడియా ట్యాగ్ కూడా ఎండార్స్‌మెంట్ కావచ్చని చేర్చారు.

ఎండార్స్‌కు పూర్తిగా అవతలి కొసన పఫ్ ఉంది, అంటే ఎవరూ పూచీ పడని ఊదరగొట్టడం. లండన్‌లో కార్బాలిక్ స్మోక్ బాల్ కంపెనీ, తమ మందు రోజుకు మూడుసార్లు చొప్పున రెండు వారాలు వాడాక కూడా ఇన్‌ఫ్లుయెంజా వస్తే 100 పౌండ్లు ఇస్తామని ప్రకటించింది. కార్లిల్ అనే ఆవిడ వాడింది, జబ్బు వచ్చింది, డబ్బు అడిగింది. అది ఉత్త పఫ్ అని కంపెనీ వాదించింది. 1892లో అప్పీలు కోర్టు ఆ వాదన తోసేసింది. మా మాట నిజమని చూపడానికి బ్యాంకులో 1,000 పౌండ్లు వేశామని ప్రకటనలో వాళ్లే రాసుకున్నారు మరి. పొగడ్త ఎక్కడ ఆగింది, వాగ్దానం ఎక్కడ మొదలైంది అన్నదాని మీదే కేసు నడిచింది. అన్నీ ఒకటే అనుకుంటే ఈ తీర్పు అర్థమే కాదు.

తేలిక_ఇంగ్లీషు
కోర్టు సంగతి కోర్టుకు వదిలేద్దాం. డెస్క్ గారూ, మీరు చెప్పిందే మీకు ఎదురు తిరుగుతోంది. టౌటెడ్‌లో రాసేవాడి అనుమానం ఉంటే, సారాంశంలో దానికేం పని? అనుమానం ఉంటే ఆధారం చూపించి విడిగా రాయాలి. ఒక్క క్రియలో దాన్ని దాచిపెడితే, తెలిసినవాడికి వెక్కిరింపులా, తెలియనివాడికి మామూలు మాటలా కనిపిస్తుంది. చదివే ఇద్దరికీ రెండు వార్తలు ఇచ్చినట్టు కాదా?

డెస్క్_పాతకాపు
ఇది గట్టి పాయింటే. అలాగైతే "ద కంపెనీ సెడ్" అని రాసి, వాళ్లు ఏమన్నారో కింద పెట్టండి. దానికి నాకు అభ్యంతరం లేదు. ప్రమోటెడ్‌కు మాత్రం ఒప్పుకోను. ఒక్క ప్రకటన విడుదల చేసినంత మాత్రాన అది ప్రచారం అయిపోదు, జరగని పని జరిగినట్టు అవుతుంది.

వ్యాకరణం_ముఖ్యం
మధ్యలో ఒక మాట. అర్థాల గొడవ కంటే వాక్య నిర్మాణంలోనే ఎక్కువ మంది తడబడతారు. "ఐ రికమెండ్ యు టు రీడ్" కంటే "ఐ రికమెండ్ దట్ యు రీడ్" అనడం మేలు. "అడ్వొకేట్ ఫర్ రిఫార్మ్"లో ఫర్ అక్కర్లేదని కొందరు ఇప్పటికీ పట్టుబడతారు, వాడుక మాత్రం దాన్ని మోసుకుపోతోంది. అసలు అడ్వొకేట్‌ను క్రియగా వాడటమే తప్పని 1789లో బెంజమిన్ ఫ్రాంక్లిన్, నిఘంటుకారుడు నోవా వెబ్‌స్టర్‌కు ఉత్తరం రాశాడు. ఆయన ఆపమన్నా అది ఆగలేదు.

అనువాద_బల్ల
అందరికీ థాంక్స్. సెడ్ అని మార్చి పంపుతున్నాను, ఆవిడా ఒప్పుకున్నారు. ఇంకొకటి మిగిలింది. ఆ ప్రకటన చివర ఒక కస్టమర్ సంస్థ మేనేజర్ మాట ఉంది: "మేం వాడుతున్నాం, మీరూ వాడొచ్చు." దీనికి ఎండార్స్‌డ్ అనాలా, రికమెండెడ్ అనాలా?

లా_విద్యార్థి
వాళ్లకు సాఫ్ట్‌వేర్ ఉచితంగానో తగ్గింపు ధరకో ఇచ్చారా? ఇచ్చి ఉంటే ఎండార్స్‌డ్ అని రాసి, ఆ సంగతి కూడా పక్కనే రాయండి.

తేలిక_ఇంగ్లీషు
"మీరూ వాడొచ్చు" అని ఎదుటివాళ్లకు చెబుతున్నారు కదా, రికమెండెడ్ చాలు. తగ్గింపు ఇచ్చి ఉంటే అది మాత్రం తప్పక రాయాలి, అక్కడ లా గారితో నాకు పేచీ లేదు.