రూహా: ‘ఆయన’ అనాలా, ‘ఆమె’ అనాలా?

ప్రశ్న: సిరియాక్ భాషలో ఉన్న ‘సొలొమోను పాటల్లో’ (బైబిల్లోని పరమగీతం కాదు, సొలొమోను పేరుతో ఉన్న తొలి క్రైస్తవ కీర్తనలు) 19వదాన్ని తెలుగు చేస్తున్నాను. పరిశుద్ధాత్మకు మన బైబిల్లో లాగే ‘ఆయన’ అని పెట్టవచ్చా?

జవాబు: అక్కడ మాత్రం వద్దండి. ఆ పాటలో పాలగిన్నె కుమారుడు, పాలు వచ్చింది తండ్రి రొమ్ముల నుంచి, పితికింది పరిశుద్ధాత్మ. ‘ఆయన ఆయనను పితికెను’ అని రాస్తే ఎవరు ఎవరో తెలియదు. సిరియాక్‌లో రూహా (ఆత్మ) అనే పదం స్త్రీలింగం కాబట్టి ఈ చిక్కు రాలేదు. తెలుగులో మహతికీ (స్త్రీకి) అమహత్తుకూ (మనుషులు కానివాటికి) ఏకవచన క్రియ ఒకటే, ‘పితికింది’ అంటే చాలు. సర్వనామం తప్పనిసరైన చోట ‘ఆమె’ అనండి. ‘అది’ అంటే వ్యక్తి కాస్తా వస్తువైపోతుంది. తండ్రికి మాత్రం ‘ఆయన’ అనే ఉంచండి. రొమ్ములున్నాయి కదా అని అక్కడ లింగం మార్చితే పాట ప్రాణమే పోతుంది.

మరో జవాబు: పదం స్త్రీలింగమైనంత మాత్రాన ఆత్మ స్త్రీ అని కాదు. హీబ్రూలో స్త్రీలింగం, గ్రీకులో నపుంసకం, లాటిన్‌లో పుంలింగం, దైవానికి లింగమే లేదని యెషయా వ్యాఖ్యానంలో బైబిలును లాటిన్‌లోకి అనువదించిన జెరోమ్ తేల్చాడు. కానీ 4వ శతాబ్దపు సిరియాక్ రచయిత అఫ్రహాత్ వ్యాకరణం దగ్గర ఆగలేదు. పెళ్లికాని మనిషికి దేవుడు తండ్రి, పరిశుద్ధాత్మ తల్లి అని తన 18వ ఉపదేశంలో రాశాడు. సుమారు 400 తర్వాత సిరియాక్ రచయితలు పరిశుద్ధాత్మ విషయంలో రూహాను పుంలింగంగా వాడటం మొదలుపెట్టారు. 616 నాటి హర్కెల్ అనువాదానికి (సిరియాక్ కొత్త నిబంధనకు) వచ్చేసరికి అదే రివాజు. అందుకే ‘ఆమె’నా ‘ఆయన’నా అన్నది మూలం ఏ కాలానిదో చూసి నిర్ణయించుకోవాలి.

మొదటి జవాబు రాసినవారే: ఆదికాండం 1:2 కూడా చూడండి. తెలుగులో ‘అల్లాడుచుండెను’ అని ఉంది. హీబ్రూలో అది స్త్రీలింగ రూపం. ద్వితీయోపదేశకాండం 32:11లో పిల్లల మీద అల్లాడే పక్షిరాజుకూ అదే ధాతువు, అయితే అక్కడ పుంలింగం. పక్షి గుడ్లను పొదిగి వెచ్చబరిచినట్టు అని ఒక సిరియా పండితుడు చెప్పిన అర్థాన్ని 4వ శతాబ్దపు గ్రీకు బిషప్ బాసిల్ తన సృష్టి ప్రసంగాల్లో మెచ్చుకున్నాడు. ఆ అర్థానికి ‘పొదుగు’ అన్న క్రియ చక్కగా అమరుతుంది. పాలుండే పొదుగు కూడా మనకు అదే మాట. ఇది తెలుగులో కుదిరిన పోలికే తప్ప మూలంలో లేదు. అందుకని 19వ పాటలో ఆ మాట వాడకండి, తండ్రి ఆవైపోతాడు. ‘రొమ్ములు’ అనే రాయండి.