తలకు దెబ్బ తగిలాక బుర్రకు పట్టిన మబ్బు విడుతోందని ఎలా తెలుస్తుంది?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. ఏడు వారాల క్రితం వానలో స్కూటీ జారి పడ్డాను. తల డివైడర్‌కు తగిలింది. సీటీ స్కాన్‌లో ఏమీ లేదని, కంకషన్ (దెబ్బ అదురుకు మెదడు పనితీరు కొంతకాలం దెబ్బతినడం) మాత్రమేనని చెప్పారు. తలనొప్పి, వికారం రెండు వారాల్లో తగ్గాయి గానీ, బుర్ర మొద్దుబారినట్లుండడం మాత్రం పూర్తిగా పోలేదు. నేను ఒక సహకార సంఘంలో లెక్కలు చూస్తాను. దెబ్బ తగిలాక తిరిగి పనిలో చేరిన కొత్తలో వోచర్‌లోని అంకె చూసి లెడ్జర్ వైపు తల తిప్పేలోపే అది మనసులోంచి జారిపోయేది. ఇప్పుడు నిలుస్తోంది. అయితే పది రోజులుగా 5,640కి బదులు 5,460 వేయడం వంటి తప్పులు మునుపటికంటే ఎక్కువగా నా కంటపడుతున్నాయి. నేను కోలుకుంటున్నట్లా, వెనక్కి పోతున్నట్లా?

మొదటి సమాధానం:
నాలుగేళ్ల క్రితం మెట్లపై నుంచి పడి నేనూ ఇదే అనుభవించాను. మబ్బు ఫలానా రోజున విడిపోయిందని చెప్పలేను. నాకు ఆనవాలు దొరికింది అలసటలో: మొదట్లో అరగంట చదివితే సాయంత్రం వరకు పడుకోవలసి వచ్చేది, రెండు నెలలకు అదే అరగంట తర్వాత ఒక కాఫీ తాగితే సరిపోయేది. మధ్యలో పాడు రోజులు లేకపోలేదు. నిద్ర చాలని మరునాడు తప్పకుండా వచ్చేవి. మీరు ఒక్క విషయం చూడండి: మొదటి వారాల్లో మీ తప్పులను పట్టుకున్నది ఎవరు?

రెండవ సమాధానం:
నేను ఫిజియోథెరపిస్టును. సీటీ స్కాన్ రక్తస్రావాన్ని, ఎముక విరగడాన్ని చూపుతుంది. కంకషన్‌లో దెబ్బతినేది ప్రధానంగా నాడీకణాల పనితీరు కనుక స్కాన్ మామూలుగానే ఉండవచ్చు. పెద్దవారిలో ఎక్కువమంది మూడు నెలల లోపు కోలుకుంటారు. మెడనొప్పి, దిగులు, నిద్రలేమి కూడా ఈ మబ్బును సాగదీస్తాయి గనుక వాటినీ చూపించుకోవాలి. చీకటి గదిలో వారాల తరబడి పడుకోమనే పాత సలహా ఇప్పుడు లేదు; ఒకటి రెండు రోజుల విశ్రాంతి తర్వాత నడక వంటి తేలికపాటి శ్రమను క్రమంగా పెంచమంటున్నారు. ఇంకొక మాట: దెబ్బకు ముందు మనకు మతిమరుపే లేదని అనుకోవడం చాలామందిలో కనిపించే పొరపాటు.
అయితే తలనొప్పి రోజురోజుకూ పెరిగినా, పదేపదే వాంతులైనా, మత్తుగా ఉన్నా, మాట తడబడినా, ఒక వైపు బలం తగ్గినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. వృద్ధులలో, రక్తం పలచబరిచే మందులు వాడేవారిలో మెదడు చుట్టూ రక్తం నెమ్మదిగా చేరి, వారాల తర్వాత బయటపడవచ్చు.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. మీరు చెప్పిన ప్రమాద సూచనలేవీ నాకు లేవు. నిద్ర గురించి వచ్చే వారం డాక్టరు గారిని అడుగుతాను. ఈ రోజు లెడ్జర్ తిరగేశాను. మొదటి వారాల దిద్దుబాట్లన్నీ మా అకౌంటెంట్ గారి ఎర్ర సిరాలో ఉన్నాయి. ఈ పది రోజులవి వాటికంటే తక్కువే, పైగా అన్నీ నా చేతిరాతలోనే ఉన్నాయి.