ప్లౌమన్స్ లంచ్: రైతు తిండా, చీజ్ వ్యాపారుల ప్రచారమా?

బ్రిస్టల్_కోడలు:
ఇక్కడ ఇంగ్లండ్ పల్లెటూరి పబ్‌లలో ఏ మెనూ చూసినా "ప్లౌమన్స్ లంచ్" ఉంటుంది, అంటే దున్నేవాడి మధ్యాహ్న భోజనం. పొయ్యి వెలిగించే పని లేని భోజనం. మందపాటి రొట్టె, పెద్ద చెడ్డర్ చీజ్ ముక్క, వెన్న, వెనిగర్‌లో ఊరిన చిన్న ఉల్లిపాయలు, బ్రాన్‌స్టన్ పికిల్ అనే కూరగాయల తీపి పులుపు పచ్చడి, కాస్త ఆపిల్. పక్కన బీరో, సైడర్ అనే ఆపిల్ మద్యమో. దుక్కి దున్నేవాళ్లు వందల ఏళ్లుగా తిన్నది ఇదేనని మా ఆఫీసువాళ్లు అంటారు. మావారేమో చీజ్ అమ్ముకోవడానికి అల్లిన కథ అంటారు. చరిత్ర తెలిసినవాళ్లు చెప్పండి.

పాత_పుస్తకాలు:
మీవారి మాటే సరైనది. రెండో ప్రపంచ యుద్ధంలో మొదలైన రేషన్ నుంచి చీజ్ బయటపడింది 1954లో. అన్నేళ్లు వారానికి చిన్న ముక్కతో సరిపెట్టుకున్న జనానికి మళ్లీ చీజ్ అలవాటు చేయాలి కదా. అందుకే చీజ్ బ్యూరో అనే ప్రచార సంస్థ పబ్‌లను పట్టుకుంది. 1960లలో పాల అమ్మకాలు చూసే మిల్క్ మార్కెటింగ్ బోర్డు ఈ పేరును దేశమంతా తిప్పింది. బ్రాన్‌స్టన్ పికిల్ కూడా 1922లో ఫ్యాక్టరీలో పుట్టిన సరుకే. ఇందులో వందల ఏళ్ల సంప్రదాయం ఎక్కడుంది?

సోమర్సెట్_శీను:
అన్నా, సగమే చెప్పారు. 1956లో బీరు తయారీదారుల సంఘం పత్రికే ఆ బ్యూరో గురించి రాసింది. రొట్టె, బీరు, చీజ్, పికిల్ జోడీ పాతదే, రేషన్ దాన్ని విడదీసింది, మళ్లీ కలపాలన్నది బ్యూరో ఆశ అని దాని సారాంశం. లేనిదాన్ని ఎలా విడదీస్తారు? ఇంకోటి. యుద్ధకాలంలో మామూలు మనిషికి వారానికి 57 గ్రాముల చీజ్ ఇచ్చిన రోజుల్లో కూడా పొలం కూలీలకు దానికి కొన్ని రెట్లు ఇచ్చారు. వాళ్లకు క్యాంటీన్ ఉండదు, మధ్యాహ్నం పొలంలోనే రొట్టె, చీజ్ తింటారని ప్రభుత్వానికి తెలుసు. ఏ వ్యాపారి ప్రచారమూ లేని రోజులవి.

పాత_పుస్తకాలు:
రొట్టె, చీజ్ తినలేదని నేననలేదు శీను గారూ. ఆ పేరుతో, ఆ పళ్లెంతో అమ్మడం కొత్తదంటున్నా. "ప్లౌమన్స్ లంచన్" అనే మాట స్కాట్లాండ్ రచయిత వాల్టర్ స్కాట్ మీద 1837లో వచ్చిన జీవిత చరిత్రలో ఉంది, నిజమే. కానీ అక్కడది పబ్ భోజనం పేరు కాదు.

అరక_మనవడు:
మీ ఇద్దరి వాదనలోనూ దున్నేవాడు కనిపించడం లేదు. 14వ శతాబ్దపు "పియర్స్ ప్లౌమన్" అనే ఇంగ్లీషు కావ్యంలో పియర్స్ అనే రైతు తన ఇంట్లో ఏముందో చెప్పుకుంటాడు. కోడిపిల్లలు, బాతులు, పందిపిల్లలు కొనడానికి డబ్బు లేదు. ఉన్నవి రెండు పచ్చి చీజ్ ముద్దలు, కాస్త పెరుగు, మీగడ, ఓట్స్ రొట్టె, పిల్లల కోసం చిక్కుడు గింజల పిండిలో తవుడు కలిపి కాల్చిన రొట్టెలు. పంట చేతికొచ్చేదాకా వాటితోనే నెట్టుకురావాలి. తవుడు రొట్టె తిన్నవాడి పేరు పెట్టి ఇప్పుడు ఏం వడ్డిస్తున్నారో చూడండి.

సైడర్ సంగతీ అంతే. ఇంగ్లండ్ పశ్చిమాన సోమర్సెట్, హియర్‌ఫర్డ్‌షైర్ వైపు కూలీలకు జీతంలో కొంత భాగం సైడర్‌గానే పోసేవారు. డబ్బు ఇవ్వాల్సిన చోట మద్యం ఇవ్వొద్దని 1887లో చట్టమే చేయాల్సి వచ్చింది. మన దగ్గర కూలి చేసేవాళ్ల చద్దన్నాన్ని స్టార్ హోటల్ వాళ్లు మట్టిముంతలో పోసి "అచ్చమైన రైతు భోజనం" అని బోర్డు పెడితే నాకు ఎంత కష్టంగా ఉంటుందో, ఈ మెనూ చూసినా అంతే. పేరు పాతదా కొత్తదా అన్నది నాకు చిన్న ప్రశ్న. గతిలేక తిన్నదాన్ని ముచ్చటగా చూపించడమే నాకు బాధ.

సోమర్సెట్_శీను:
మీ బాధ అర్థమైంది. కానీ చీజ్ చేసే పల్లె కుటుంబాల వైపు నుంచి కూడా చూడండి. యుద్ధంలో చీజ్‌కి వాడే పాలను దాదాపు ఒకే రకం చీజ్‌కి మళ్లించారు, దాని పేరే "గవర్నమెంట్ చెడ్డర్". వెన్స్‌లీడేల్ లాంటి ప్రాంతీయ చీజ్‌లు కనుమరుగయ్యే దాకా వచ్చాయి. ఇళ్లలో చీజ్ చేసేవాళ్లు చాలామంది మళ్లీ మొదలుపెట్టనే లేదు. అలాంటప్పుడు జనం చేత చీజ్ తినిపించడానికి ఒక పేరు వాడుకుంటే అది మోసమని నేననను.

అరక_మనవడు:
చీజ్ బతికినందుకు సంతోషమే. అయితే మెనూలో "సంప్రదాయం" అని రాసే పబ్‌లు ఆ కూలీల గురించి కూడా రెండు వాక్యాలు రాయాలి. ఆ ప్రాంతం చీజ్, ఆ ఊరి రొట్టె పెట్టాలి. ఫ్యాక్టరీ చీజ్ ముక్క పెట్టి దున్నేవాడి పేరు వాడుకోవడాన్ని మాత్రం ఒప్పుకోను.

బ్రిస్టల్_కోడలు:
ఈ మాట నాకు నచ్చింది. ఇంకో సందేహం. మా అత్తగారు శాకాహారి, వచ్చే నెల వస్తున్నారు. ఆవిడకి ఇది పెట్టించొచ్చా?

లీడ్స్_శాకాహారి:
అడిగి తెప్పించుకోండి అక్కా. పాత పద్ధతిలో చీజ్ చేయడానికి దూడ కడుపులోంచి తీసిన రెన్నెట్‌తో పాలు విరగ్గొడతారు. ఇప్పుడు సూపర్‌మార్కెట్ చెడ్డర్ చాలావరకు శాకాహార రెన్నెట్‌తోనే వస్తోంది, ప్యాకెట్ మీద రాసి ఉంటుంది. పబ్‌లో ప్యాకెట్ కనపడదు కాబట్టి ఏ చీజో, ఏ రెన్నెట్టో కనుక్కోండి. కొన్నిచోట్ల హామ్ (పంది మాంసం) ముక్కలు కూడా పెడతారు, వద్దని ముందే చెప్పండి.