డల్లాస్ నుంచి డెన్వర్‌కు అమ్మానాన్నల వయసు వాళ్లు కారులో పోవచ్చా?

దేవరకొండ సార్:
నమస్కారం. మాది దేవరకొండ దగ్గర పల్లె, రిటైరయ్యాక నల్లగొండలో ఉంటున్నాం. నేను, మా ఆవిడ ఎండాకాలం డల్లాస్‌లో ఉన్న కొడుకు దగ్గరికి పోతున్నాం. అక్కడి నుంచి డెన్వర్‌లో మా అన్న బిడ్డ ఇంటికి పోవాలి. దాదాపు 800 మైళ్లట. మావాడు కారులో పోదాం బాపూ అంటాడు, కోడలేమో దారిలో చూసేదేం లేదు మామయ్యా, అంతా బీళ్లే, విమానంలో రెండు గంటలు అంటుంది. నాకు మోకాళ్ల నొప్పులు, ఆమెకు బీపీ. కానీ మాల్ మీదుగా హైదరాబాద్ పోయేటప్పుడు కూడా కిటికీ సీటు దొరికితేనే బస్సెక్కే మనిషిని, ఎవరి చేను ఎట్లుందో చూడకపోతే నాకు ప్రయాణం చేసినట్టే ఉండదు. పోయొచ్చినవాళ్లు చెప్పండి.

వనపర్తి అక్క:
పోండి సార్, కానీ ఒక్క రోజులో వద్దు. దారిలో వచ్చే అమరిల్లో ఊళ్లో రాత్రి ఆగండి. చాలా మోటల్ గదుల్లో మైక్రోవేవ్ ఉంటుంది, పులిహోర, జొన్న రొట్టెలు, కరివేపాకు కారం పెట్టుకుంటే బయట తిండి అక్కర్లేదు. రెస్ట్ ఏరియా కనబడ్డప్పుడల్లా దిగి నడవండి, బాత్రూములు మన దాబాల లెక్క ఉండవు, భయం లేదు. బీపీ గోళీలు డిక్కీలో కాదు, చేతిసంచిలో. డాల్‌హార్ట్ వైపు వేల ఆవుల్ని ఒక్కచోట కంచెల్లో పెట్టి మేపే ఫీడ్‌లాట్లుంటాయి, కంపు కొడుతుంది, అద్దాలు దించకండి! మా ఆయన మాత్రం దించమనే అన్నాడు, చిన్నప్పుడు కొట్టంలో పడుకున్న మనిషి మరి.

జడ్చర్ల తమ్ముడు (ఇప్పుడు టెక్సాస్):
చూసేదేం లేదనేది వ్యవసాయం తెలియనివాళ్ల మాట, మీ కోడలు ఏమనుకోవద్దు. విచిటా ఫాల్స్ దాటినంక పత్తి, అమరిల్లో పైన మొక్కజొన్న, జొన్న. ఆ జొన్న మోకాలి కన్నా కొంచెం ఎత్తు, చాలావరకు పశువుల దాణాకో ఇథనాల్‌కో పోతుంది, రొట్టె చేసుకునేవాడు లేడు. బోరు నడిమిట్ల పెట్టి, చుట్టూ తిరిగే పెద్ద పైపుతో నీళ్లు కొడతారు, అందుకే విమానంలోంచి చేన్లు గుండ్రంగా కనబడతాయి. కింద ఓగల్లాలా అనే భూగర్భ జలాశయం, ఎనిమిది రాష్ట్రాల కింద ఉంటది. తోడినంత తిరిగి ఊరదు, మట్టం పడిపోతనే ఉంది, కొందరు రైతులు తరి వదిలి మెట్టకు మళ్లిన్రు. మనోళ్లు ఎకరానికో బోరేసి అప్పులపాలైనట్టే, కాకపోతే వీళ్లకు ఇన్సూరెన్సు ఉంది, పొలాలు వందల ఎకరాలు. జూన్‌లో వస్తే పత్తి మొలకలే. అక్టోబర్ చివర వస్తే తెల్లగా పరిచినట్టుంటది, ఏరే మనిషి ఒక్కరూ కనబడరు, అంతా మిషన్లే.

మర్రిగూడ:
కొలరాడో స్ప్రింగ్స్ మీ దారిలోనే వస్తది, ఆగండి సార్, ఫ్లోరైడ్ సంగతి బయటపడ్డది ఆ ఊరి వల్లనే. 1901లో అక్కడికి వచ్చిన ఫ్రెడరిక్ మెకే అనే పళ్ల డాక్టరు, ఊరోళ్ల పళ్ల మీద గోధుమ రంగు మచ్చలు చూసి ఏళ్ల తరబడి వెంటపడ్డాడు. నీళ్లలో ఫ్లోరైడే కారణమని 1931లో తేలింది. పక్కనున్న పైక్స్ పీక్ గ్రానైట్ నుంచి వచ్చేదది, మనకూ అంతే, గుట్టల రాయి నుంచే. ఆ మచ్చలున్న పళ్లు తొందరగా పుచ్చవని గమనించి, 1945లో మిషిగన్ రాష్ట్రంలోని గ్రాండ్ రాపిడ్స్‌లో కావాలనే నీళ్లలో కొంచెం ఫ్లోరైడ్ కలపడం మొదలుపెట్టారు. ఇప్పుడు లీటరుకు 0.7 మిల్లీగ్రాములు. మన దగ్గర 1.5 దాటొద్దంటారు, మా బావుల్లో అంతకు ఎన్నో రెట్లుండేది, మచ్చలతో ఆగలేదు, ఎముకలు వంగినయ్. పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి ప్రపంచమంతా నల్లగొండ పేరే పెట్టిన్రు, ఊళ్లకు మాత్రం కృష్ణా నీళ్లు వచ్చేదాకా సుఖం లేదు. నాకైతే అక్కడ కొండ చూస్తే కోపమే వచ్చింది, ఎందుకో మీరే చెప్పండి.

దేవరకొండ సార్:
అందరికీ ధన్యవాదాలు. మర్రిగూడ తమ్మీ, మా చిన్నమ్మ నడుం వంగే పోయింది, నువ్వు చెప్పకపోయినా తెలుస్తుంది. టికెట్లు ఇంకా తీయలేదు, అక్టోబర్ చివరకు మార్చమని మావాడికి చెప్తా, పత్తి చూడాలి. బండరాళ్ల గుట్టలేమన్నా ఉన్నయా అటు?

జడ్చర్ల తమ్ముడు:
ఉన్నయ్. డెన్వర్ నుంచి ఉత్తరానికి రెండు గంటలపైన పోతే వయోమింగ్‌లో వీడవూ అనే చోటు, అచ్చం మన భువనగిరి రోడ్డు పక్కన రాళ్లే. అక్టోబర్ చివర అక్కడ మంచు పడొచ్చు, వాతావరణం చూసుకొని పోండి. ఇంకొకటి, డాల్‌హార్ట్‌లో ట్యాంకు ఫుల్ చేయించండి, క్లేటన్ దాటాక రాటన్ దాకా బంకులు తక్కువ, ఫోన్ సిగ్నల్ కూడా ఉండీ ఉండనట్టు ఉంటది.