బిగుసుకున్న అసలు స్టెప్నీ తాళం: డ్రిల్లు వెయ్యాలా, కాపాడాలా?

పాతబండి_బరంపురం
బండి 1970 షెవర్లే సి10 పికప్. స్టెప్నీ బెడ్ (వెనక సామాను తొట్టి) పక్కన బ్రాకెట్ మీద ఉంది. వీల్ నట్టు కనబడకుండా పైన టోపీలా కూర్చునే కంపెనీ తాళం, చెవి లేదు. బ్యారెల్ (తాళంలో చెవితోపాటు తిరిగే లోపలి భాగం) చుట్టూ తెల్లటి పొడి పేరుకుంది. కన్నంలోకి సన్న తీగ సగం వరకే దిగుతోంది. డ్రిల్లు వేస్తే పది నిమిషాల పని అని మెకానిక్కులు అంటున్నారు. వేస్తే ఇలాంటిది మళ్ళీ దొరకదని పాతబండ్లు తెలిసినవాళ్ళు అంటున్నారు. బండి సాలూరు మీదుగా సుంకి ఘాటెక్కి కోరాపుట్ వెళ్ళాలి. ఎవరి మాట వినాలో కారణాలతో చెప్పండి.

జయపురం_ఘాట్
డ్రిల్లే. సుంకి దగ్గర రాత్రిపూట టైరు పంక్చరైతే, తాళం తెరుచుకోని స్టెప్నీ ఉన్నా లేనట్టే. వెనక లోడు లారీలు వస్తుంటాయి, బండి వార పెట్టడానికి చోటుండదు. అపురూపమైన తాళమని దానికోసం మనిషి ప్రాణం పణం పెట్టలేం.

పద్ధతిగా చేస్తే నట్టుకు, రిమ్ముకు గీత పడదు. ముందు టైరులో గాలి పూర్తిగా దించండి. చెవి కన్నం మధ్యలో సెంటర్ పంచ్‌తో గుంట పెట్టి, 3 మి.మీ. బిట్టుతో మొదలుపెట్టి, తరవాత 6 మి.మీ.కు వెళ్ళండి. బిట్టు మీద చెవి పొడుగు మేరకు టేపు చుట్టుకుంటే అంతకు మించి లోపలికి పోదు. డ్రిల్లు తక్కువ స్పీడులో తిప్పాలి. తాళం బాడీ జింకు పోత కాబట్టి స్పీడు పెంచితే అది మెత్తబడి బిట్టు గాడుల్లో అతుక్కుంటుంది, బిట్టు పక్కకు జారుతుంది. మధ్యమధ్యలో ఆపి పొడి దులపండి. బ్యారెల్‌ను తిరగకుండా ఆపే లోపలి సన్న పలకలన్నీ తెగాక చదును స్క్రూడ్రైవరుతో బ్యారెల్ తిరుగుతుంది. యాంగిల్ గ్రైండరు మాత్రం దగ్గరకు రానివ్వకండి. ఈ మోడల్‌లో పెట్రోలు ట్యాంకు క్యాబిన్‌లో సీటు వెనకే ఉంటుంది.

ఇత్తడిపలక
జయపురం వారూ, డ్రిల్లు వేసే తీరు మీరు చెప్పింది సరే. కానీ అక్కడికి రాకముందు చెయ్యాల్సింది చాలా ఉంది. అది చెయ్యకుండా బిట్టు పెట్టడం తప్పని నా గట్టి అభిప్రాయం.

షెవర్లే కంపెనీ జనరల్ మోటార్స్ (జీఎం) 1935 నుంచి వాడిన తాళాల్లో బ్యారెల్ పొడుగునా వరసగా ఇత్తడి పలకలు, వాటి పక్కన ఒక సన్నటి కడ్డీ ఉంటాయి. సరైన చెవి పెట్టినప్పుడు పలకల గాడులన్నీ ఒక వరసలోకి వస్తాయి, కడ్డీ వాటిలోకి దిగుతుంది, అప్పుడు బ్యారెల్ తిరుగుతుంది. డ్రిల్లు వేస్తే పలకలతోపాటు ఆ కడ్డీ కూర్చునే గాడి కూడా పోతుంది. పలకలు వేరే తాళంలోంచి తెచ్చి వేసుకోవచ్చు, గాడి పోయిన బ్యారెల్‌ను బాగుచెయ్యలేం. అందుకే ఇక్కడ నష్టపోయేది తాళం బ్యారెలే.

కాబట్టి వరస ఇది. మొదట బండి పాత చెవులన్నీ తెప్పించుకోండి. డోరు చెవి, గ్లవ్ బాక్సు చెవి పెట్టి చూడండి, రెంటిలో ఒకటి కలిసే అవకాశం ఉంది. ఆ కాలపు జీఎం కొత్త చెవుల తలలో విరిచి తీసే చిన్న ముక్క ఉండేది, దాని మీద కోడ్ అంకెలు ఉండేవి. పాత కాగితాల కవరులో ఆ ముక్క కానీ, కోడ్ రాసిన చీటీ కానీ ఉంటే చెవి కోసుకోవచ్చు, తాళం తెరవాల్సిన పనే లేదు.

చెవి దొరక్కపోయినా, దొరికింది దిగకపోయినా తరవాతి పని శుభ్రం చెయ్యడం. ముందు కంప్రెసర్ గాలి 30-40 పీఎస్‌ఐ దాటకుండా కన్నంలోకి కొట్టండి, ఎక్కువ పెడితే పొడి ఇంకా లోపలికి పోయి గట్టిపడుతుంది. తరవాత బ్రేక్ క్లీనరు ఒకసారి. ఆరాక తుప్పు వదిలించే నూనె ఉదయం రెండు చుక్కలు, సాయంత్రం రెండు చుక్కలు, వారం రోజులపాటు. ప్రతిసారీ ప్లాస్టిక్ సుత్తితో తాళం తల మీద మెల్లగా పది పదిహేను దెబ్బలు. ఆ చిన్న అదురుకే పొడి పగిలి నూనె దిగుతుంది. అసిటోను, ఆటోమేటిక్ గేరు నూనె సగం సగం కలిపినది బాగా దిగుతుంది కానీ పెయింటును తినేస్తుంది, నిప్పంటే భగ్గుమంటుంది. చుట్టూ గుడ్డ కట్టి, ఆరుబయట వాడండి. నూనె పెట్టిన రోజున డ్రిల్లు గానీ గ్రైండరు గానీ దగ్గర పెట్టొద్దు.

ఇంట్లో ఇత్తడి సామాను తోమినట్టు చింతపండు, నిమ్మరసం, వెనిగర్ పోసేవాళ్ళున్నారు. వద్దు. ఇత్తడికి అది సరిపోతుంది, జింకును మాత్రం తినేస్తుంది.

పాత చెవుల్లో ఒకటి దిగడం మొదలైతే ఆ పాత చెవినే వాడొద్దు, దానికి నకలు చేయించి ఆ నకలునే ఆడించండి. కటింగ్ ప్లేయరుతో పట్టి తిప్పితే చెవి మెడ దగ్గర విరుగుతుంది. విరిగిన ముక్కతో కథ మళ్ళీ మొదటికి వస్తుంది.

పర్లాకిమిడి_పాన
ఇద్దరూ తాళం దగ్గరే ఆగిపోయారు. తాళం కాపలా కాసేది నట్టును. బ్రాకెట్ బండికి పట్టుకున్న బోల్టులకు తాళం లేదు. బ్రాకెట్‌ను తాళం, రిమ్ము సహా మొత్తంగా దించేస్తే బెంచి మీద వారం కాదు, నెలరోజులు నానబెట్టుకోవచ్చు. ఆలోగా ఇంకో రిమ్ము, టైరు బెడ్‌లో కట్టుకుని ఘాటెక్కొచ్చు.

చేసే తీరు: మొదట వాల్వు పిన్ను తీసి గాలి వదలండి. ఇది ఎవరూ దాటెయ్యకూడని మెట్టు. కొన్ని పాత మిలిటరీ జీపుల్లోనూ కొన్ని పెద్ద పికప్పుల్లోనూ రిమ్ము రెండు ముక్కలుగా ఉంటుంది. గాలి ఉండగా తప్పు నట్టు వదిలితే రిమ్ము ఎగిరి మనిషిని కొడుతుంది. గాలి పోయాక టైరు నొక్కుకుని వెనక చెయ్యి దూరడానికి రెండు మూడు అంగుళాల సందు దొరుకుతుంది. బరువు మొత్తం పాతిక ముప్పై కిలోలు ఉంటుంది, కింద జాకీ పెట్టి చెక్క అడ్డం వెయ్యండి. బోల్టులకు ముందురోజే నూనె పెట్టి ఉంచండి. అంగుళాల పానాలే వాడండి. మిల్లీమీటర్ల పానా ఇంచుమించు సరిపోయినట్టనిపించి మూలలు కొట్టేస్తుంది.

విల్లీస్ జీపు, దాని మీద వచ్చిన పికప్పు ఉన్నవాళ్ళకు ఇంకో మాట. ఎడమవైపు చక్రాల నట్లకు మర ఎడమ తిరుగుడు, నట్టు మీద ‘ఎల్’ అచ్చు ఉంటుంది. ఎవరైనా ఆ నట్టును, స్టడ్డును (నట్టు ఎక్కే మర కడ్డీ) స్టెప్నీకి వేసి ఉంటే మనం వదులుతున్నామనుకుని బిగిస్తుంటాం.

జయపురం_ఘాట్
పర్లాకిమిడి వారి దారి మంచిదే, బోల్టులు వస్తే. యాభై ఏళ్ళ బండిలో బెడ్ రేకు వెనక బురద నిండి, బోల్టు తిప్పితే వెనక నట్టు కూడా తిరుగుతుంది. పట్టుకోవడానికి చోటుండదు. అప్పుడు రేకు చిరుగుతుంది. తాళం కోసం బెడ్ పాడుచేసుకోవడం లాభమా? పైగా ఇత్తడిపలక గారి వారం కన్నా గ్యాస్ మంటతో బ్యారెల్ ఒక్క నిమిషం వేడిచేస్తే తుప్పు వదులుతుంది కదా.

ఇత్తడిపలక
గ్యాస్ మంట మాట తీసెయ్యండి. ఈ జింకు మిశ్రమం 380 డిగ్రీల దాకా వెళ్తే కరగడం మొదలవుతుంది, మంట దానికి ఎన్నో రెట్లు వేడి. కరిగేలోపే లోపలి సన్న స్ప్రింగుల పదును పోతుంది, పక్కనున్న టైరు కాలుతుంది.

వేడి విషయంలో ఇంకో చిక్కు ఉంది. ఒకే కొలత వేడికి జింకు ఇనుము కన్నా రెండింతలకు పైగా పెరుగుతుంది. జింకు బ్యారెల్ ఇనుప గొట్టంలో కూర్చుని ఉంటే, వేడిచేసినకొద్దీ అది గొట్టాన్ని ఇంకా బిగించి పట్టుకుంటుంది. వదులు కావాలంటే చల్లబరచాలి. ఐసుముక్కలు సంచిలో వేసి తాళం మీద అరగంట ఉంచి, వెంటనే చెవి ఆడించి చూడండి. వేడి వాడాలనిపిస్తే హెయిర్ డ్రయ్యరు చాలు, అది కూడా బయటి గొట్టానికే.

తెల్లపొడితోపాటు తాళం బాడీ మీద సన్నటి పగుళ్ళు, ఉబ్బు కనబడితే మాత్రం నేనూ డ్రిల్లుకే ఓటేస్తాను. పోతపోసినప్పుడు జింకులో సీసం కలిసిపోతే ఏళ్ళు గడిచేకొద్దీ లోహం లోపల్నుంచే పగులుతుంది. దానికి మందు లేదు, చేత్తో నొక్కితేనే రాలుతుంది.

గోపాలపూర్_గాలి
అందరూ తెరవడం గురించే అంటున్నారు. తెరిచాక మళ్ళీ పెడతారా లేదా అన్నది అసలు వాదన. నా మాట: పెట్టొద్దు. జింకు పోత తాళాన్ని సుత్తితో గట్టిగా కొడితే పగులుతుంది, దొంగకు అది పెద్ద అడ్డు కాదు. పగిలితే పోయేది మన అపురూపమైన వస్తువు. బండి నిలబెట్టే రోజున, ప్రదర్శన రోజున పెట్టుకోండి. రోడ్డు మీద గట్టి చెయిను, మంచి తాళంకప్ప వేసుకోండి.

బరంపురం సముద్రానికి దూరం కాదు, ఉప్పుగాలి తగులుతూనే ఉంటుంది. తాళాల్లో గ్రాఫైటు పొడి వెయ్యమని అందరూ చెబుతారు. పొడిప్రాంతంలో సరే. ఇక్కడ తేమ, ఉప్పు చేరితే గ్రాఫైటు పక్కనున్న జింకు ఇంకా తొందరగా తుప్పుపట్టి పోతుంది. పీటీఎఫ్ఈ (టెఫ్లాన్) ఉన్న పొడి స్ప్రే వాడండి. నూనె పెట్టి దాని మీద గ్రాఫైటు వేస్తే జిగురు ముద్దయి పలకలు అతుక్కుపోతాయి, అది ఎక్కడా మంచిది కాదు.

పర్లాకిమిడి_పాన
పెట్టొద్దన్నదానికి ఒప్పుకోను. తాళం బండిది. కప్‌బోర్డులో పెట్టిన తాళం పదేళ్ళకు ఏ ఇంట్లో ఉందో ఎవరికీ గుర్తుండదు. బండి అమ్మితే వేరైపోతుంది. రబ్బరు మూత వేసి, ఆరునెలలకోసారి తీసి తుడిచి, స్టడ్డు మరకు పలచగా గ్రీజు రాసి బండి మీదే ఉంచాలి. మీ చెయిను దాని పక్కన వేసుకోండి, ఎవరు వద్దన్నారు?

రాయగడ_కాగితం
మధ్యలో ఒక్క మాట. అసలు తాళం లేకపోతే వింటేజ్ రిజిస్ట్రేషన్ రాదని ఎవరైనా భయపెడితే నమ్మకండి. 2021 కేంద్ర నిబంధనల్లో చూసేది 50 ఏళ్ళు దాటిందా, ఛాసిస్, బాడీ షెల్, ఇంజను మార్చారా అన్నది. స్టెప్నీ తాళం ఊసు అందులో లేదు. ఆ నిబంధన ద్విచక్ర వాహనాలకు, ప్రయాణికుల కార్లకు రాసింది. పికప్పు ఆర్సీలో ఏ తరగతి ఉందో ముందు చూసుకోండి. ఒకటి మర్చిపోవద్దు, చెవి చేయించడానికి వెళ్ళేటప్పుడు ఆర్సీ వెంట తీసుకెళ్ళండి. మంచి తాళాలమేస్త్రి అది చూడకుండా పని ముట్టుకోకూడదు.

పాతబండి_బరంపురం
తాళం బాడీ మీద పగుళ్ళు లేవు, ఉబ్బు లేదు. బ్రాకెట్ బోల్టులు నాలుగింట్లో రెండు కదులుతున్నాయి. స్టెప్నీ టైరు మీద తయారీ తేదీ మూడంకెల్లోనే ఉంది.

పర్లాకిమిడి_పాన
మూడంకెలంటే 2000కు ముందు తయారైన టైరు. నాలుగంకెల తేదీ ఆ ఏడాది నుంచి వచ్చింది. గాలి నిలిచినా దాని మీద ఘాటెక్కకూడదు. అంటే తాళం ఇవాళ తెరిచినా మీకు స్టెప్నీ దొరకదు, రిమ్ము మాత్రం దొరుకుతుంది. తొందర ఏమీ లేదు. ఇంకో రిమ్ము, కొత్త టైరు తీసుకుని ప్రయాణం కానివ్వండి. మిగతా రెండు బోల్టులకు నూనె పెట్టి ఉంచండి.

జయపురం_ఘాట్
టైరే పనికిరానిదైతే నా కారణం సగం పోయింది, ఒప్పుకుంటా. కానీ గడువు పెట్టుకోండి. వారం నూనె, ఐసు, నకలు చెవి, ఇవన్నీ అయ్యాక కూడా తీగ చివరిదాకా దిగకపోతే లోపల స్ప్రింగులు తుప్పుపట్టి పలకలు కరుచుకున్నాయని అర్థం. అప్పుడు బెంచి మీద, కన్నం మధ్యలోనే, 3 మి.మీ. బిట్టు.

ఇత్తడిపలక
బెంచి మీదికి వచ్చాక కూడా డ్రిల్లు వద్దు. బెంచి మీద టోపీ వెనకవైపు చూడొచ్చు. బ్యారెల్‌ను పట్టి ఉంచే రింగు గానీ పిన్ను గానీ వెనకవైపు కనబడితే అది తీసి బ్యారెల్‌ను బయటికి తీసే ప్రయత్నం చెయ్యండి. వస్తే పలకలను వరస తప్పకుండా ఒక్కొక్కటి అంకెలు రాసిన కాగితం మీద పెట్టుకోండి. ఆ వరసే మీ చెవి కోత. దాన్ని చూసి మేస్త్రి కొత్త చెవి కోసిస్తాడు.